తొమ్మిదో ఆవిడ

గోంగు పక్కన కూర్చునేవాడికి నాట్యం వెనకనుంచే కనిపిస్తుంది. ముఖాలు దొరకవు. కొప్పులు, కొప్పుల్లోంచి వేలాడే మల్లెమొగ్గల దండలు, నడుము వెనక పట్కాల ముడులు, అరికాళ్ళు, ఇవే వాడి వంతు. జావా దీవిలో సురకర్త అనే ఊళ్ళో, మా విశ్వవిద్యాలయపు మండపంలో నేను అలా చాలా ఏళ్ళు కూర్చున్నాను. అంతకుముందు ఓడల్లో గుమాస్తాగా తిరిగినవాణ్ణి, ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎరగనివాణ్ణి. ఈ గోంగు, తాడుకు వేలాడే ఈ పెద్ద కంచు జేగంట, నన్ను కూర్చోబెట్టింది. దాన్ని కొట్టడం బ్రహ్మవిద్యేం కాదు. ఎప్పుడు కొట్టకూడదో తెలిస్తే చాలు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఒక మనిషి జీవితం గురించి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

నేను ఆలోచించింది ఎక్కువగా కదర్వతిగారి గురించే. వేరే కారణమేమీ లేదు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు బారుగా నడిచి వచ్చి నిలబడితే అందరికన్నా వెనక, నాకు అందరికన్నా దగ్గరగా నిలబడేది ఆవిడే. విద్యార్థులు, తోటి అధ్యాపకులు, చివరికి మండపం ఊడ్చే మనిషి కూడా బు కదర్వతి అనేవారు. మా దగ్గర పాఠం చెప్పే ఆడమనిషిని ముందు ‘బు’, అంటే అమ్మ అని, చేర్చకుండా పిలిస్తే అమ్మానాన్నా లేకుండా పెరిగినవాడనుకుంటారు.

ఆ నాట్యాన్ని బెదాయా అంటారు. తొమ్మిదిమందికీ ఒకటే రంగు చీరకట్టు, ఒకటే పసుపు పూత, ఒకటే కనుబొమ్మ. తొమ్మిదిమందీ కలిస్తే ఒక్క మనిషి అని పెద్దలు చెప్పారు. అందుకే ఒక్కొక్కరి చోటుకు ఒక్కొక్క పేరు. ముందుండేది తల. తరవాత మెడ, రొమ్ము, మనసు, చేతులు, కాళ్ళు, అలా సాగి చిట్టచివర తోక. మనిషికి తోకేమిటని అడక్కండి. ఆ చివరి చోటుకు ఇంకో పేరు కూడా ఉంది, అది అచ్చులో వేసేది కాదు.

బు కదర్వతి తోక. చదువుకునే రోజుల్లోనూ తోకే, అధ్యాపకురాలయ్యాకా తోకే.

జువిరింగ్ అనే పల్లెలో పుట్టిందావిడ. ఆ పల్లెలో ఇంటింటా కాగితపు గొడుగులు చేసేవారు. తండ్రి వెదురు పుల్లలు చీల్చేవాడు, తల్లి దారం అల్లేది, ఈ పిల్ల గొడుగును చక్రం మీద తిప్పుతూ అంచుకు రంగు గీసేది. చెయ్యి కదలకూడదు, గొడుగు తిరగాలి. నాట్యంలో తనకు వచ్చిన మొదటి పాఠం అదేనని ఆవిడ చెప్పేది. తరవాత నగరంనుంచి నైలాను గొడుగులు దిగాయి. తండ్రి గొడుగులు శవాల వెంటా, ఊరేగింపుల్లోనూ తప్ప ఇంకెక్కడా అక్కర్లేకుండా పోయాయి. వర్షంలో పనికిరాని గొడుగు చేసే వాడి బతుకేమిటి అని ఆయన నవ్వి, కూతుర్ని సైకిలెక్కించి బస్సుదాకా దింపి చదువుకి తరిమాడు. పేపరు కట్టలతో పాటు బస్సు వెనక సీటులో కూర్చుని సురకర్త వచ్చిన పిల్ల, కళల బడిలో చేరింది.

ఆ బడిలో ఒక ముసలావిడ ఉండేది. పడుచుతనంలో రాజుగారి కోటలో ఆడిన మనిషి. అందరూ అమ్మమ్మ అనే పిలిచేవారు. తమలపాకు నములుతూ, బజార్లో వంకాయలు ఏరినట్టు పిల్లల్ని ఏరేది. పొడుగు మెడ, బరువు రెప్పలు ఉన్న సులిస్త్యోరిని అనే అమ్మాయిని తల చోటులో నిలబెట్టింది. ఈ లీస్ (అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేదు) కదర్వతికి తరగతిలో పక్క చాప, హాస్టల్లో పక్క మంచం, తరవాత ఉద్యోగంలో పక్క బల్ల. కదర్వతి వంతు వచ్చేసరికి ముసలావిడ ఒక్క చూపు చూసి అందట, “తల పొరబడితే ఎనిమిదిమంది చూసి సర్దుకుంటారు. తోక పొరబడితే ఎవరు చూస్తారు? నువ్వు పొరబడవు. వెనక్కి పో.”

ఈ మాట పొగడ్తో తిట్టో బు కదర్వతి జీవితమంతా తేల్చుకోలేకపోయింది. పదిమందిలో ఉన్నప్పుడు దాన్ని పతకంలా చెప్పుకునేది. ఒంటరిగా ఉన్నప్పుడు అదే ముల్లులా గుచ్చుకునేదని తరవాత తెలిసింది. చెప్పింది ఆవిడ కాదు, ఆవిడ భర్త సుగిర్మన్. రైల్వేలో పనిచేసేవాడు, పోయి చాలాకాలమైంది. సాయంత్రాలు నాతో చదరంగం ఆడి ఓడిపోయేవాడు. ఒకసారి గుర్రాన్ని చేతిలో పట్టుకునే, మా ఇంట్లో అన్నం ఆలస్యంగా ఉడుకుతుందండీ అన్నాడు. ఎందుకంటే ఆవిరి కుండ ముందు నిలబడి వాళ్ళావిడ తల భాగం ఆడుకుంటుందిట. తను గుమ్మంలోకొస్తే చటుక్కున గరిటె అందుకుంటుందిట. “ఉల్లిపాయలు తరుగుతున్నాననే చెబుతుందండీ. ఎదురుగా ఉల్లిపాయ ఉండదు.”

తల భాగంలో అంత ఊరించేది ఏముందో చెప్పాలి. నాట్యం సగానికి వచ్చాక తొమ్మిదిమందీ కూర్చుంటారు. తరవాత ఇద్దరే లేస్తారు, తల, మనసు. మిగిలిన ఏడుగురూ కళ్ళు దించుకుని రాళ్ళలా ఉండిపోతారు. ఆ ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. అది పోట్లాటో సరసమో చూసేవాడి వయసును బట్టి ఉంటుంది. కాళ్ళ మధ్యనుంచి వెనక్కి జీరాడే చీరకొంగు మడతల్లో గులాబీ రేకులు పెట్టి కడతారు. మడమతో కొంగును వెనక్కి తన్నినప్పుడల్లా రేకులు జారి నేలమీద పడతాయి. పాట తగ్గిపోతుంది, ఒక్క వేణువు మిగులుతుంది. మండపంలో పిల్లలు కూడా ఏడుపు మానేస్తారు. ఆ కాసేపు కోసమే జనం వస్తారు. ఏటేటా నిండు మండపంలో ఆ కాసేపూ బు కదర్వతి తలవంచుకుని కూర్చుని ఉండేది. చూడటానికి లేదు. రేకులు నేలకు తగిలే చప్పుడు వినిపిస్తుందని ఒకసారి అంది. నాకు ఎప్పుడూ వినపడలేదు. అయినా నేను కంచు మోగించేవాణ్ణి, నా చెవుల సంగతి వదిలేయండి.

విశ్వవిద్యాలయం పుట్టినరోజుకి మా దగ్గర అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి ఆడటం ఆనవాయితీ. ఏడాది పొడుగునా “కన్ను దించు, మోచెయ్యి ఎత్తు” అని కసిరినవాళ్ళూ, ఆ కసుర్లు తిన్నవాళ్ళూ ఆ సాయంత్రం ఒకే బారులో నడుస్తారు. ముస్తాబు గదిలో గురువుగారి నడుముకి శిష్యురాలు పట్కా బిగిస్తుంది. “ఊపిరి బిగపట్టండి బు” అని గదమాయిస్తుంది కూడా. గురువు కళ్ళు మూసుకుంటే శిష్యురాలు కనుబొమ్మ దిద్దుతుంది. ఆటకు ముందు నియమంగా ఉపవాసం ఉన్నవాళ్ళుంటారు, ఉన్నామని చెప్పి మూలన వేరుశెనక్కాయలు నమిలేవాళ్ళుంటారు. పూత పడ్డాక అందరూ ఒకటే. ఆ గదిలో వినిపించే నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఎక్కడికో పోతుంది. గోడ ఇవతల వాయిద్యాలు సర్దుకుంటూ మేమూ నవ్వేవాళ్ళం, ఎందుకో తెలియకపోయినా.

మొహమాటం గురించి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పకపోతే కథ ముందుకు కదలదు. ఎన్నో రేవుల్లో తిరిగాను. కొన్నిచోట్ల వద్దంటే వద్దు. కొన్నిచోట్ల వద్దంటే బేరం మొదలు. జావాలో వద్దు అనేది తలుపు కాదు, తెర. కాస్త కదిపి చూసి మళ్ళీ అడగాలి. వచ్చినవాళ్ళకి టీ పోస్తే వద్దంటారు, పోయాలి. తాగమంటే తాగరు, మళ్ళీ అనాలి. మూడోసారి ‘అలాగేనండీ’ అని గ్లాసు అందుకుంటారు. మొదటిసారే అందుకున్నవాడి గురించి ఆ వీధిలో వాళ్ళ మనవల కాలం దాకా చెప్పుకుంటారు. ఇందులో నాటకం ఏమీ లేదు. ఎదుటివాడు నిజంగా ఇవ్వాలనుకుంటున్నాడా, మాటవరసకి అంటున్నాడా అని తేల్చుకోవడానికి వాడికి ఇచ్చే వ్యవధి అది.

విభాగాధిపతిగా ఎవరున్నా, ఏటా ఒకసారి ‘బు కదర్వతి, ఈసారి మీరు తలగా ఆడకూడదూ’ అనేవారు. ఆవిడ ‘అబ్బే, లీస్ ఉండగా నేనేమిటి’ అనేది. అంతటితో సరి. రెండోసారి ఎవరూ అడగలేదు. రెండోసారి అడగలేదంటే మొదటిది మాటవరసకన్నమాటే. ఆవిడకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఆఖరి ఏడాది వచ్చింది. ఆ ఏటితో ఆవిడ ఉద్యోగ విరమణ. విరమించినవాళ్ళు పుట్టినరోజు బారులో ఉండరు. అదే ఏడు లీస్ మోకాలికి కోత పడింది, చేతికర్ర వచ్చింది. తల చోటు ఖాళీ. ఇక అడగాల్సిన పనేముంది, బు కదర్వతిదే అని అందరం అనుకున్నాం. ఆవిడ కూడా అనుకుంది. ఆ వారమంతా నడకే మారిపోయింది. మెట్లు దిగేటప్పుడు కొంగు లేకపోయినా మడమ వెనక్కి తన్నేది.

కొత్త విభాగాధిపతి పాక్ బాసో (మగవాళ్ళకి ‘బు’ బదులు ‘పాక్’) వేరే దీవిలోని మకస్సర్‌నుంచి వచ్చినవాడు. తాతముత్తాతలు పడవలు నడిపినవాళ్ళు. గాలికి ఎదురుగా అరిచి మాట్లాడిన వంశం, గొంతు దాచుకోవడం రాదు. మంచివాడు. కపటం అంటే ఏమిటో పటం వేసి చూపించినా అర్థం కాదు. ఒకరోజు పదకొండు గంటల వేళ అందరం వేయించిన టెంపే అనే సోయా బిళ్ళలు, మల్లెపూల టీ ముందేసుకుని కూర్చుని ఉండగా వచ్చి, నిలబడే అడిగాడు.

“బు కదర్వతి, ఈసారి తల మీరు చేస్తారా?”

ఆవిడ టెంపే ముక్క పళ్ళెంలో పెట్టింది. “అబ్బే, నాకెందుకండీ. పడుచుపిల్లలు అంతమంది ఉండగా. నేను తోకదాన్ని.”

“సరేనండీ, మీ ఇష్టం,” అన్నాడు పాక్ బాసో. రెండు ముక్కలు తీసుకుని, ఒకటి అక్కడే నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

 ఎవరో చలి ఎక్కువైందన్నారు. అది మండు వేసవి. బు కదర్వతి అందరికీ మళ్ళీ టీ పోసింది, ఒక్క చుక్క ఒలకలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ తరగతిలో పిల్లలచేత ఒకటే అడుగు పడమటి ఎండ దిగేదాకా వేయించిందిట.

తరవాత జరిగింది ఇంకా విడ్డూరం. ఆఫీసు గుమాస్తా మెల్లిగా పాక్ బాసో చెవిన వేశాడు. సారూ, ఇక్కడ వద్దంటే వద్దని కాదు, మళ్ళీ మళ్ళీ అడగాలి అని. పేరు చెబితే ఆవిడ పరువు పోతుందని పేరు చెప్పలేదు. పాక్ బాసోకి జ్ఞానోదయమైంది. నేరుగా వెనింగ్ దగ్గరికి వెళ్ళాడు. వెనింగ్ అంటే బు కదర్వతి చేతి కింద నేర్చుకుని, అప్పుడప్పుడే అధ్యాపకురాలైన పిల్ల. తలగా ఆడమన్నాడు. వెనింగ్ వద్దంది. ఆహా అనుకుని మళ్ళీ అడిగాడు. నేను చాలనండీ అంది. చూశావా, సరిగ్గా గుమాస్తా చెప్పినట్టే ఉంది అనుకుని మూడోసారి అడిగాడు. పాపం, మూడుసార్లు అడిగిన పెద్దమనిషికి కాదని చెప్పే మాట జావా భాషలో లేదు. ‘అలాగేనండీ’ అని ఆ పిల్ల స్నానాలగదిలోకి పోయి ఏడ్చింది.

ఇది అందరికీ తెలుసు, పాక్ బాసోకి తప్ప. చెప్పొచ్చు కదా అని మీరనవచ్చు. ఎవరు చెప్పాలి? చెబితే, బు కదర్వతికి ఆ చోటు మీద ఆశ ఉందని చెప్పినట్టు. ఆశ ఉందంటే వద్దన్నది అబద్ధమని చెప్పినట్టు. ఉద్యోగంలోంచి వెళ్ళిపోయే వేళ ఆవిడకి అంత పరువునష్టం చేసే ధైర్యం ఎవరికుంది?

సాధన మొదలైంది. వెనింగ్‌కి తల భాగం నేర్పింది ఎవరనుకున్నారు? బు కదర్వతే. ఇంకెవరికొచ్చు? లీస్ కుర్చీలో కూర్చుని కర్రతో నేలమీద తాళం వేసేది. బు కదర్వతి లేచి ఆడి చూపించేది. అప్పుడే నేను మొదటిసారి ఆవిణ్ణి ముందునుంచి చూశాను. లీస్ ఆడితే నీళ్ళు పారినట్టుండేది. ఈవిడ ఆడితే నీళ్ళు పారాలా వద్దా అని తటపటాయించినట్టుంది. ఏది మేలో చెప్పేపాటి చదువు నాకు లేదు. వెనింగ్ మాత్రం చేతులు కట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూసి, “బు, ఇంకోసారి” అనేది. వచ్చేసినా అనేది. ఆవిడ కాసేపైనా ఆడుతుందని.

ఒక సాయంత్రం మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. నేను గోంగు తాడు ముడి బిగించుకుంటున్నాను. స్నేహితురాళ్ళిద్దరూ మండపం మెట్ల మీద కూర్చున్నారు. నేను అక్కడ ఉన్నానన్న సంగతి వాళ్ళకి పట్టలేదు. గోంగు కొట్టేవాణ్ణి గోంగులో భాగంగానే చూస్తారు.

“ఆ మకస్సర్ మనిషితో నేను చెబుతానే,” అంది లీస్. “కుంటిదాన్ని, ముసలిదాన్ని, నన్నేం చేస్తాడు?”

“చెప్పావో, నీ ఇంటి గడప తొక్కను.”

“ఇంకెప్పుడు ఆడతావే? వచ్చే ఏడు మన పేర్లు కూడా వీళ్ళకి గుర్తుండవు.”

“అడుక్కుని తెచ్చుకున్న చోట నిలబడితే అడుగు పడదు లీస్. ఆడలేను.”

లీస్ కర్రతో మెట్టు గీకింది.  తరవాత అంది, “ఇన్నేళ్ళూ నీ ముందు నిలబడ్డాను. ఒక్కసారైనా తప్పుకోవే అనలేదు నువ్వు.”

“నువ్వు రమ్మన్నావా?”

“అన్నాను. ఏటేటా అన్నాను. ముస్తాబు గదిలో నీ కొప్పు ముడి వేస్తూ, ఈసారి నువ్వు ఆడవే అనలేదూ?”

“అన్నావు. ఒక్కసారే అనేదానివి.”

 లీస్ మెడ నిజంగానే చాలా పొడుగు. అది వంగడం నేను అంతకుముందు చూడలేదు. కాసేపటికి ఇద్దరూ లేచారు. ఒకరి కర్ర, ఒకరి భుజం పట్టుకుని, రాత్రికి కొబ్బరిపాల అన్నంలోకి ఏ కూర అని మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

పుట్టినరోజు రానే వచ్చింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక మండపం నిండింది. ముందు వరసలో పెద్దలు, వెనక చాపల మీద ఊరి జనం, స్తంభాలకి ఆనుకుని పాత విద్యార్థులు. పాక్ బాసో ఒకచోట నిలబడితే ఒట్టు. అతిథులకి ఇచ్చే పలహారం పొట్లాలు చాల్లేదని వెనకవైపు పరుగెడుతున్నాడు. మార్సుది అనే మా మృదంగం ఆయన (మా గుంపుకి చుక్కాని ఆయన చెయ్యే) కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రో ధ్యానమో ఆయన భార్యకే తెలియదు.

తొమ్మిదిమందీ వచ్చారు. ముందు వెనింగ్, వెనక బు కదర్వతి. ఆవిడ కొప్పులో మల్లెదండ ఆ రోజు కొంచెం పక్కకు ఉంది. దాన్ని ముడేసింది లీసేనని తరవాత తెలిసింది. ఆడారు. బారులు కలిశాయి, విడిపోయాయి. ఎన్నిసార్లు చూసినా ఆ నడక చూస్తే నాకు సముద్రం మీద గాలి పడిపోయిన పూటలు గుర్తొస్తాయి. ఓడ కదలదు, నీళ్ళు మాత్రం కదులుతుంటాయి.

సగానికి వచ్చింది. అందరూ కూర్చున్నారు. పాట తగ్గింది. వేణువు ఎత్తుకుంది. మనసు చోటులో ఉన్న అధ్యాపకురాలు లేచింది. వెనింగ్ లేవలేదు.

మొదట మాకెవరికీ అర్థం కాలేదు. పిల్ల మరిచిపోయిందా? కళ్ళు దించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మిగతా ఏడుగురిలాగే రాయైపోయింది. లేచినావిడ ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆగలేదు. ఖాళీ చోటు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మనిషి లేకపోయినా మనిషి ఉన్నట్టే చూపు దించింది. ఆ ఆవర్తం అయిపోయింది. నేను గోంగు కొట్టాను. నా ముందు బు కదర్వతి వీపు చూశాను. భుజాల మధ్య చెమట. కదల్లేదు.

మార్సుది కళ్ళు తెరిచాడు. లెక్క ప్రకారం పాట ముందుకు పోవాలి. ఆయన చెయ్యి ముందుకు పోనివ్వలేదు. అదే ఆవర్తాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తాడు. వేణువు వాడు తెల్లబోయి, సర్దుకుని వెనక్కి వచ్చాడు. మళ్ళీ అదంతా నడిచింది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. ముందు వరస కుర్చీలో లీస్ కర్ర మీద గడ్డం ఆనించుకుని, నాట్యాన్ని కాదు, మా గోంగు వైపు చూస్తోంది. మళ్ళీ కొట్టాను. బు కదర్వతి వేళ్ళు కొంగు అంచు పట్టుకున్నాయి. పట్టుకుని వదిలేశాయి.

మార్సుది మళ్ళీ అదే ఎత్తాడు. ఈసారి మెల్లిగా, గుమ్మంలో నిలబడి లోపలున్నవాళ్ళని పిలిచినట్టు.

బు కదర్వతి లేచింది.

తోక చోటునుంచి మధ్యకు రావాలంటే కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి పోవాలి. అటువంటి దారి ఆ నాట్యంలో లేదు. ఆవిడ అప్పటికప్పుడు వేసింది. వెనింగ్ పక్కనుంచి పోతూ మడమతో కొంగు వెనక్కి తన్నింది. రేకులు ఆ పిల్ల ఒళ్ళో పడ్డాయి. తరవాత ఎలా ఆడిందంటే, నిజమే చెబుతాను, లీస్ ఆడినంత బాగా కాదు. ఒకచోట అడుగు ఆలస్యమైంది. ఒకచోట తిరగాల్సినదానికన్నా ముందే తిరిగింది. మనసుగా ఆడుతున్నావిడ ఆ పొరపాటును తనదిగా చేసుకుని సర్దేసింది. కానీ చేతులు! గొడుగు తిరుగుతూంటే కదలకుండా నిలిచిన చెయ్యి అది. చాపల మీద కూర్చున్న ముసలి బతీకు అద్దకం కూలీలు మాట్లాడుకోవడం మానేశారు. ఏదో జరుగుతోందని వాళ్ళకి తెలుసు, ఏమిటో తెలియదు. ఎనిమిది వరసల అవతల అన్ని ముఖాలూ ఒకటే కదా.

చివర బారు కట్టి వెళ్ళేటప్పుడు బు కదర్వతి ముందు నడిచింది. వెనింగ్ తోకగా వెనక నడిచింది. తప్పటడుగు ఒక్కటి లేదు. తోక భాగం ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుందో ఎవరూ చూడలేదు.

ముస్తాబు గది గుమ్మంలో గుంపు చేరింది. వెనింగ్ తలదించుకుని, కాలు తిమ్మిరెక్కింది బు, లేవలేకపోయాను, క్షమించండి అంది. అంత వేళ చూసుకుని వచ్చే తిమ్మిరిని నా జన్మలో ఎరగనంది లీస్. మార్సుదిని అడిగితే, వయసైపోయింది, ఎక్కడున్నానో మరిచిపోయాను అన్నాడు.  బు కదర్వతి ముఖం మీద పూత తుడవనివ్వలేదు. అద్దం ముందు అలాగే కాసేపు కూర్చుంది.

ఇంతలో చేతుల్లో మిగిలిన పలహారం పొట్లాలతో పాక్ బాసో వచ్చాడు. ఆ కాసేపూ ఆయన గేటు దగ్గర ఉన్నాడు. లోపలికొచ్చేసరికి బారు వెళ్ళిపోతోంది. వెనింగ్‌ని చూసి, మండపమంతా కదలకుండా చూసిందట కదమ్మా, తల భాగం అంత బాగా చేశావట అని ఆ పెద్ద గొంతుతో మెచ్చుకున్నాడు. అందరం బు కదర్వతి వైపు చూశాం. వెనింగ్ నోరు తెరవబోయింది. ఆవిడ అద్దంలోంచే చిన్నగా తల ఊపింది, వద్దన్నట్టు. అబ్బే నాదేముందండీ అంది వెనింగ్. జావాలో మెప్పు వచ్చినప్పుడు అనే మాట అదే. ఆ రోజు అది అక్షరాలా నిజం కూడా. పాక్ బాసో వినయానికి ముచ్చటపడి ఆ పిల్లకి రెండు పొట్లాలిచ్చాడు. ఆయన వెనక్కి తిరిగేదాకా అందరూ ఆపుకున్నారు. తరవాత ఆ గదిలో వచ్చిన నవ్వు గోడ ఇవతలికి ఇంకా వినిపిస్తూనే ఉంది నాకు.

విరమణ తరవాత బు కదర్వతి జువిరింగ్ వెళ్ళిపోయింది. తండ్రి ఇంట్లో వెదురు పుల్లలు ఆరబెట్టే అరుగు మీద పక్కింటి పిల్లలకి అడుగులు నేర్పేది. మరుసటేడు విశ్వవిద్యాలయం పుట్టినరోజు దగ్గరపడ్డాక నేను ఆవిణ్ణి చూడబోయిన పూటే పాక్ బాసో కూడా వచ్చాడు. అప్పటికి ఆయనకు అసలు సంగతంతా ఎవరో చెప్పేశారు. సిగ్గుపడ్డాడు. విరమించినవాళ్ళు బారులో ఉండకూడదన్న పద్ధతిని మార్పించి మరీ వచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గొంతు వీలైనంత తగ్గించి, ఈసారి తలగా మీరే ఆడాలి బు అన్నాడు. ఆవిడ వద్దంది. టీ పోసింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆవిడ వద్దంది. వేయించిన కర్రపెండలం వడియాలు పళ్ళెంలో పెట్టింది. ఆయన ఈసారి కుర్చీ దగ్గరగా జరుపుకుని అడిగాడు. మళ్ళీ అడిగాడు. వడియాలు అయిపోయాయి.

“పాక్ బాసో,” అందావిడ చివరికి, ఎంతో మర్యాదగా, “ఇది నిజమైన ‘వద్దు’ అండీ.”

ఆయన నా వైపు తిరిగాడు. “మరి ఏది నిజమో ఏది కాదో ఎలా తెలుసుకోవాలండీ?”

ఇన్నేళ్ళున్నా నాకూ తెలియదని చెప్పాను. ఆయన నవ్వేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా ఆయన గొంతు వినిపించింది, ఎవరినో దారి అడుగుతోంది.

ఆవిడ గ్లాసులు ఎత్తుతూంటే, మధ్యలోకి వెళ్ళినప్పుడు ఎలా ఉందని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి ఏడాది పట్టింది నాకు. 

“బాగానే ఉంది. కానీ తొందరగా అయిపోయిందండీ,” అంది. “తలవంచుకుని కూర్చుని విన్నన్నాళ్ళూ ఇంకా పొడుగ్గా ఉండేది.”